ఎర్రజీర

“ఆ గిలాస ముట్టకు! అది శోభది!”

పోశవ్వ అరుపుకు అనసూర్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎడమ కన్ను తెరవలేక, కొంగుతో కప్పుకుని, తడుముకుంటూ నీళ్ల కుండ దగ్గరికి వచ్చిందామె. చేతికి ఏ గ్లాసు తగిలిందో చూసుకోలేదు.

“నీ గిలాస కిటికిల పెట్టిన. కంచం గూడ ఆడనే ఉన్నది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

“కనపడక తీసిన అత్తమ్మా.”

“కనపడక! మొన్న సొసైటీ ఎంకట్రాజం వచ్చి అడిగితే ‘నాకు మంచిగనే కనపడుతాంది, నేను పోత’ అన్నదెవరు? నేనా?”

 అనసూర్య కిటికీలో ఉన్న తన గ్లాసు తీసుకుని నీళ్లు ముంచుకుంది. మూడు వారాల నుంచి ఆ ఇంట్లో ఆమె గ్లాసు వేరు, కంచం వేరు, చాప వేరు. తగ్గిందనుకున్న కన్ను ఈ పొద్దున మళ్లీ ఎర్రబడింది.

ఆ రోజు మంగళవారం. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల రైలుకు ఆమె హైదరాబాదు పోవాలి. అక్కడ చేనేత ఎగ్జిబిషన్‌లో ఐదు రోజులు జనం ముందు మగ్గం మీద కూర్చుని, నేల మీద పరిచే జంపఖానా నేసి చూపించాలి. నేతవాళ్లుండే కొత్తవాడ మొత్తంలో ఒక్కరికే పిలుపు వచ్చింది. కాగితం మీద గీసుకోకుండా, నేరుగా పోగుల్లోనే నెమలిని దింపగల చెయ్యి అనసూర్యది. అందుకే చేనేత సొసైటీ అధ్యక్షుడు వెంకట్రాజం మగవాళ్లందరినీ కాదని ఆమె పేరు రాశాడు.

ముందు గదిలో మగ్గం చప్పుడు ఆగింది. నర్సింగం పోగులు కొట్టే పంజా చేతిలోనే పట్టుకుని గడపలోకి వచ్చాడు.

“ఏమైందే?”

“ఏమైతది? నీ పెండ్లాం కన్ను మల్ల నిప్పుకణమైంది,” అంది పోశవ్వ. “పోయి ఎంకట్రాజానికి చెప్పు. మా కోడలు రాదు, ఇంకెవరినన్న చూసుకొమ్మని చెప్పు.”

“జర ఆగవ్వా. ఇంక మూడు రోజులున్నది గదా.”

“మూడు రోజులల్ల ఏం తగ్గుతది? పోయినసారి నెల రోజులు చీకటింట్ల పండుకున్నది. ఆడ నలుగుర్ల ఈ కన్నేస్కొని కూసుంటే జనం దగ్గర్కి వస్తరా? పిల్లకు అంటుతదని నేను ఈడ పానం అరచేతుల పెట్టుకుంటాన.”

ఏడేళ్ల శోభ నానమ్మ వెనక నిలబడి తల్లిని చూస్తోంది. దగ్గరికి రావాలని ఒక అడుగు ముందుకు వేసింది. పోశవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

అనసూర్యకు కన్ను పోటు కంటే ఆ అడ్డం పెట్టిన చెయ్యే ఎక్కువ నొప్పి పుట్టించింది.

“నేను దవాఖానకు పోత,” అంది ఉన్నట్టుండి. “మెడికల్ షాపు చుక్కలు వద్దు. పెద్ద కంటి దవాఖానకే పోత. ఆల్లు పోవద్దంటే అప్పుడు ఎంకట్రాజం మామకు నేనే చెప్త. మీరెవ్వరు చెప్పొద్దు.”

పన్నెండేళ్ల కాపురంలో కోడలు అంత గట్టిగా మాట్లాడటం పోశవ్వ వినలేదు.  దండెం మీది చీర లాగింది.

“నేను గూడ వస్త.”

తల్లీకొడుకులిద్దరూ ఇరవై ఏళ్లలో దవాఖాన గడప తొక్కినవాళ్లు కారు.  నర్సింగం రిక్షా కోసం బయటికి ఉరికాడు.

* * *

అత్తాకోడళ్లు రిక్షాలో, నర్సింగం పక్కనే సైకిల్ మీద.  ఎండ పడిన చోటల్లా అనసూర్య తల ఒడిలోకి వంచేది. ఓసారి ఆమెకు తెలియకుండానే కంటి మీద నీడ పడింది. తలెత్తితే పోశవ్వ తన కొంగును పందిరిలా పట్టుకుని, ఎటో చూస్తోంది.

కంటి దవాఖానలో చీటీ రాయించుకుని, వరసలో కూర్చుని, లోపలికి పోయేసరికి పదకొండయింది. డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. చప్పుడు చేయని చెప్పులు, వేగంగా కదిలే చేతులు. గడ్డం ఆనించే మిషన్ ముందు అనసూర్యను కూర్చోబెట్టింది. సన్నటి వెలుగు గీత కంట్లోకి దూరింది. చెంప మీదుగా నీళ్లు ధారగా కారాయి.

“ఇది ఎన్నోసారి?”

“నాలుగోసారి. మొన్న మేడారం జాతరప్పుడు గూడ అయ్యింది. దుమ్మనుకున్నం.”

“ఏం వేసుకున్నవ్?”

“మా ఆయన కండ్లకలక మందు తెచ్చిండు. అత్తమ్మ నందివర్ధనం పూలు పెట్టింది.”

“సల్లగుంటదని పెట్టిన,” అని వెనక నుంచి పోశవ్వ అందించింది.

“పుసి కారుతుందా?”

“లేదమ్మా. లోపల్నుంచి పోటు. ఎలుగు చూస్తే సూది గుచ్చినట్టుంటది.”

డాక్టరమ్మ మిషన్ పక్కకు జరిపింది. అనసూర్య నుదుటి మీది వెంట్రుకలు వేలితో వెనక్కి తోసి చూసింది.

“తలల ఈ పొట్టు ఎన్నేండ్ల సంది ఉన్నది?”



“చుండ్రు,” అంది పోశవ్వ. “తలకు నూనె పెట్టుకోదు.”

“మోచేతులు చూపించమ్మా.”

అనసూర్య కదల్లేదు. ఆమె రైక చేతులు మోచెయ్యి దాటి కిందికి ఉంటాయి. మే నెల ఉక్కపోతలో కూడా వాటిని పొట్టి చేయించుకోలేదు. ఆ చేతుల కింద ఏముందో నర్సింగానికి ఒక్కడికే తెలుసు. ఈ గదిలో, అత్త కళ్ల ముందు, రైక పైకి జరపాలంటే ఎట్లా?

“భయపడకు. కంటి కోసమే అడుగుతున్న.”

కళ్లు మూసుకుని రైక చేతులు పైకి జరిపింది. రెండు మోచేతుల మీదా అరచేయంత ఎర్రటి మచ్చలు, వాటి మీద పేరుకున్న తెల్లటి పొట్టు. ఒక రేకు రాలి డాక్టరమ్మ బల్ల మీద పడింది.

పోశవ్వ బల్ల మీదికి వంగి ఆ రేకు వంక చూసింది. 

డాక్టరమ్మ మాత్రం పోయిన వస్తువు దొరికినట్టు తల ఊపింది.

“ఇదీ సంగతి. దీన్ని సోరియాసిస్ అంటరు. గజ్జి కాదు, తామర కాదు, కుష్టు అసలే కాదు. కొందరికి ఈ చర్మం జబ్బుతో పాటు కంటి లోపల వాపు వస్తది. తగ్గుతది, మళ్ల వస్తది. నీకు కండ్లకలక ఒక్కసారి కూడ కాలేదు. నాలుగుసార్లూ ఇదే.”

“అంటే... అంటుకోదా?” పోశవ్వ గొంతు సన్నగా వచ్చింది.

“అంటుకోదు.”

“పిల్లను పక్కల పండుకోబెట్టుకుంటే?”

“పండుకోబెట్టుకోవచ్చు.”

“ఒక్క గిలాసల నీళ్లు తాగితే?”

“తాగొచ్చు.”

“తువ్వాల? దువ్వెన?”

“అమ్మా,” డాక్టరమ్మకు నవ్వొచ్చింది, “ఆమెను ముద్దు పెట్టుకున్నా అంటుకోదు.”

నర్సింగం గోడ మీద కంటి బొమ్మ వైపు తిరిగి దగ్గాడు.

“పూరా తగ్గిపోతదా అమ్మా?” అనసూర్య అడిగింది.

డాక్టరమ్మ కాసేపు ఆమె చెయ్యి పట్టుకుంది. “ఈసారిది తగ్గుతది. మళ్ల రాదని నేను చెప్పను. కానీ ఏంటిదో తెలిసింది కాబట్టి ఫికర్ లేదు. కన్ను గుంజుడు మొదలైన రోజే ఇక్కడికి రావాలె. ఆలస్యం చేస్తే లోపలి పొరలు అతుక్కొని చూపు దెబ్బ తింటది. చుక్కల మందు నీ అంతట నువ్వు కొనొద్దు, తగ్గిందని నీ అంతట నువ్వు బంద్ చెయ్యొద్దు. నల్లద్దాలు పెట్టుకో. చర్మం డాక్టరుకు కూడ చీటీ రాస్త.”

“శుక్రవారం హైదరాబాద్ పోవాలె. నేసి చూపించుడున్నది.”

“గురువారం రా. చూసి చెప్త.” చీటీ రాస్తూ అడిగింది. “మీ పుట్టింట్ల ఎవరికన్న ఈ మచ్చలున్నయా?”

“లేవమ్మా. నాకొక్కదానికే.”

* * *

వరండా దాటే దాకా పోశవ్వ పెదవి విప్పలేదు. మెట్లు దిగింది. గేటు దగ్గరికి వచ్చింది. అనసూర్య వెనకే నడుస్తూ ఆ వీపు వంక చూస్తోంది. ఇంత మౌనం ఆ మనిషి దగ్గర ఎన్నడూ చూడలేదు. తిట్టినా బాగుండనిపించింది.

గేటు బయట పోశవ్వ గిర్రున తిరిగింది.

“పన్నెండేండ్లు!”

చాయ్ బండి దగ్గర ఉన్నవాళ్లందరూ ఇటు చూశారు.

“పన్నెండేండ్ల సంది నా ఇంట్ల ఉండుకుంట నాకే దాస్తవా? ఉడుకకు చస్తానవ్, పొడుగు చేతుల రైకెందుకే అంటే ఏమన్నవ్? ‘గిప్పుడు గదే ఫ్యాషన్ అత్తమ్మా’ అన్నవ్. నేను నమ్మిన! మా కోడలు పట్నం ఫ్యాషన్‌దని వాడంత చెప్పుకుంట తిరిగిన!”

“గజ్జంటవనుకున్న అత్తమ్మా. ఎల్లగొడ్తవనుకున్న.”

“ఎల్లగొట్టి? మగ్గం ఎవరు నేస్తరు, నీ మొగడా? వాడు నెమలి నేస్తే కోడైతది.” నర్సింగం వైపు వేలు చూపించింది. “వీనికెరికేనా ఈ సంగతి?”

“ఎరికే,” అంది అనసూర్య.

“అయితే ఎల్లగొట్టేది వీన్నే.”

నర్సింగం సైకిల్ స్టాండు వేయడంలో మునిగిపోయినట్టు నటించాడు.

పోశవ్వ బండి దగ్గర బల్ల మీద కూలబడింది. కోపమంతా ఒక్కసారి దిగిపోయినట్టు, ముసలితనం కనిపించింది ఆ ముఖంలో. “పిల్లను నీ పక్కల పండనియ్యకపోతి,” అంది తనలో తను అనుకున్నట్టు. “రాత్రిపూట అది నీకోసం అవ్వా అవ్వా అని ఏడిస్తే నేను కొట్టిన.”

“నాకు గూడ అంటుతదనే భయముండె అత్తమ్మా. నువ్వు దూరం పెట్టకపోతే నేనే పెడుదు.”

చాయ్ వచ్చింది. అనసూర్య సాసర్‌లో పోసుకుని ఒక గుక్క తాగింది. పోశవ్వ చెయ్యి చాచి ఆ సాసర్ తీసుకుంది. మిగిలింది తాగేసింది. మళ్లీ పోసి కోడలికి ఇచ్చింది.

“గట్ల చూస్తానవేంది? నాది ఉడుకున్నది.”

అనసూర్యకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. కన్నీళ్లు మండుతున్న కంటికి ఎంత హాయిగా ఉంటాయో ఆ రోజే తెలిసింది.

“ఇంతకు ఏం పేరు చెప్పిందిరా, ఆ రోగానికి?” పోశవ్వ కొడుకును అడిగింది.

“సోరియాసిస్.”

“సూర్యాసిసా? అనసూర్య, సూర్యాసిస్... పేరు పెట్టిననాడే తెచ్చుకున్నట్టున్నవ్ గదనే!”

ఆ మాటకు చాయ్ బండి ఆయన కూడా నవ్వాడు.

* * *

ఆ తర్వాతి రెండు రోజులూ ఆ ఇంట్లో గడియారానికి క్షణం తీరిక లేదు. గంటకోసారి ఒక చుక్క వేయాలి. పోశవ్వకు గడియారం చూడటం రాదు. శోభను దాని ముందు కూర్చోబెట్టింది.

“పెద్ద ముల్లు పన్నెండు మీదికొచ్చిందా?”

“రాలే నానమ్మా.”

“ఇప్పుడొచ్చిందా?”

“ఇప్పుడే గదా అడిగితివి!”

వచ్చిందనగానే మందు సీసా పట్టుకుని మగ్గం దగ్గరికి ఉరికేది. అనసూర్య వంట దగ్గరున్నా, పెరట్లో ఉన్నా తల వెనక్కి వంచాల్సిందే. ఓసారి చుక్క ముక్కు మీద పడింది. ఇంకోసారి పక్కనున్న నర్సింగం చెవిలో పడింది.

నర్సింగం చౌరస్తా నుంచి నల్లద్దాలు తెచ్చాడు. అవి పెట్టుకుని వాకిట్లో నిలబడితే ఎదురింటి భద్రమ్మ చేతిలో చాట పట్టుకునే వచ్చింది. “అనసూర్యా, సినిమల ఏషం దొరికిందా?” అని బుగ్గలు నొక్కుకుంది. మధ్యాహ్నానికి వాడలో సగం మంది వచ్చి చూసిపోయారు. వచ్చిన ప్రతివాళ్లకూ పోశవ్వ అదే చెప్పింది. “అంటురోగం కాదు. డాక్టరమ్మ చెప్పింది. ముద్దు పెట్టుకున్నా అంటదంట.” చెప్పి, కోడలి గ్లాసులో నీళ్లు తాగి చూపించేది.

బుధవారం మధ్యాహ్నం శోభ తల్లి చాప మీదికి పాకింది. మూడు వారాల కబుర్లన్నీ ఒకేసారి చెప్పబోయి, ఒక్కటీ పూర్తి చేయకుండా నిద్రపోయింది. ఆ చిన్న చెయ్యి అనసూర్య మోచేతి మచ్చ మీదే పడి ఉంది. ఆమె దాన్ని తీయలేదు.

ఆ సాయంత్రం పాత పొట్టి చేతుల రైక ఒకటి పెట్టె అడుగు నుంచి తీసి తొడుక్కుంది. పెరటి గాలి మోచేతులకు తగిలింది. ఎన్నేళ్లయిందో!

గురువారం డాక్టరమ్మ మిషన్‌లో చూసి, “ఎరుపు సగానికి తగ్గింది. మందులు తప్పకుండ వేసుకుంటే పోవచ్చు. అద్దాలు తీయకు. వచ్చినంక నాకు చూపించు,” అంది. ఇంటికి వచ్చే దారిలో నర్సింగం సైకిల్ తొక్కుతూ పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగాలేదని తల్లి తిట్టినా ఆపలేదు.

* * *

శుక్రవారం పొద్దున పదిన్నరకు పాలకుర్తి బస్సు దిగి అనసూర్య తండ్రి రాయమల్లు వచ్చాడు. చంకలో డబ్బా నిండా మక్కగారెలు.

“నా బిడ్డ హైదరాబాద్‌ల నేస్తదంటే ఊరంత చెప్పిన,” అన్నాడు గడపలోనే. చేనేతలో తల నెరిసిన మనిషి. ఆమెకు పంజా పట్టడం నేర్పింది ఆయనే. “ఈ అద్దాలేంది బిడ్డా? దొరసాని లెక్కున్నవ్.”

“రా అన్నా, కూసో,” అని పోశవ్వ వియ్యంకునికి పీట వేసింది. మంగళవారం నుంచి జరిగిందంతా ఏకబిగిన చెప్పేసింది. చెప్పడం చాలక కోడలి మోచెయ్యి పట్టుకుని ఆయన ముందుకు తిప్పింది. “ఇగో, గిదే. నాకు పన్నెండేండ్లు దాసిపెట్టింది నీ బిడ్డ!”

రాయమల్లు నములుతున్న గారె నోట్లోనే ఆగింది. ఆ మచ్చ వంక చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

“మా పుట్టింట్ల ఎవరికన్న ఉన్నదా అని అడిగింది బాపు డాక్టరమ్మ,” అంది అనసూర్య. “లేదని చెప్పిన.”

“ఆ... లేదు... ఎవరికున్నది,” అన్నాడాయన. “చేతులు కడుక్కొస్త చెల్లె.” లేచి పెరట్లోకి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు.

అనసూర్య వెళ్లి చూసింది. ఆయన బావి గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె అడుగుల చప్పుడుకు తలెత్తలేదు. చొక్కా చేతి గుండీ విప్పి, మెల్లగా పైకి మడిచాడు. ఆమె మోచేతి మీద ఉన్న మచ్చే, ఇంకా పెద్దది, ఇంకా గట్టిది.

“నిన్ను కన్న మీ అవ్వకు తప్ప ఎవ్వరికి చూపియ్యలే,” అన్నాడు. “అందరు లేవకముందే తానం చేసేది. నాదే నీకొచ్చింది బిడ్డా. పుట్టించి గీ రోగం గూడ ఇచ్చిన.”

అనసూర్య ఆయన పక్కన కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. 

“నెమలి గూడ నువ్విచ్చిందే గదా బాపు,” అంది. “రోగం ఒక్కటే ఇచ్చినట్టు చెప్తానవ్.” తన చెయ్యి ఆయన చెయ్యి పక్కన ఆనించింది. “చూడు, ఒక్క మగ్గం మీద దింపినట్టున్నయి. నేను ఒక్కదాన్నేననుకుంట ఇన్నేండ్లు ఎంత ఏడ్చిన్నో!”

రాయమల్లు బిడ్డ ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వుతోందని నమ్మకం కుదరడానికి కాసేపు పట్టింది. తర్వాత ఆయనకూ నవ్వు వచ్చింది. నవ్వుతూ ఎండ వైపు తిరిగి, చటుక్కున చెయ్యి కంటికి అడ్డం పెట్టుకున్నాడు.

అనసూర్య నవ్వు ఆగిపోయింది.

“చెయ్యి తియ్యి బాపు.”

“బస్సుల దుమ్ము పడ్డది.”

“ఎప్పటి సంది?”

“రెండు దినాలు. గదే పోతది. పోయినేడు గూడ పోయింది. కాకపోతే అప్పటి సంది ఈ కన్ను జర మసక.”

ఆమె తన నల్లద్దాలు తీసి దగ్గరగా చూసింది. నల్లగుడ్డు చుట్టూ ఎర్రజీర. పుసి లేదు. తన అద్దంలో తాను నాలుగుసార్లు చూసుకున్న కన్నే అది.

“అత్తమ్మా!” ఆమె కేకకు పోశవ్వ, నర్సింగం ఇద్దరూ పెరట్లోకి ఉరికొచ్చారు.

“దవాఖానకు పోవాలె, ఇప్పుడే. నేను తీస్కపోత. బాపుకు ఏం అడిగినా ఏం లేదనే చెప్తడు. దగ్గరుండి చెప్పేదాన్ని నేనే.”

“మరి రైలు?” అన్నాడు నర్సింగం. “పన్నెండైంది. స్టేషన్ల ఎంకట్రాజం మామ టికెట్లు పట్టుకొని నిలబడతడు. నువ్వు పోకుంటే మగ్గం ఖాళీ.”

“ఐతే ఖాళీ!”

“నేను దవాఖానకు రాను,” రాయమల్లు మొండిగా బావి గట్టు పట్టుకున్నాడు. “నా బిడ్డ రైలెక్కితేనే వస్త. ఎక్కకుంటే ఇట్నే బస్సెక్కి ఊరికి పోత.”

“నువ్వు డాక్టరమ్మ ముందల కూసుంటేనే నేను రైలెక్కుత!”

“ఇద్దరు ఇద్దరే!” పోశవ్వ నెత్తి కొట్టుకుంది. “అన్నను నేను తీస్కపోనా? నేను జూడని దవాఖాననా? ఏం దాసినా చెప్పేస్త. దాసేటోళ్లతోని మాట్లాడుడు నాకు మంగళారం సంది అలవాటైంది.”

“ఆమె తోని పోతే ఊరంత తెలుస్తది,” అని రాయమల్లు గొణిగాడు.

“తెలిస్తే ఏమాయె? ముద్దు పెట్టుకున్నా అంటదు!”

ముందు నర్సింగం పొట్ట పట్టుకున్నాడు. తర్వాత రాయమల్లు. ఆఖరికి అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే వాకిట్లో రిక్షా గంట మోగింది. పొద్దుననగా మాట్లాడి పెట్టిన రిక్షా.

సంచులు ఎక్కించడానికి శోభ ముందుకు పరుగెత్తింది. రాయమల్లు చొక్కా చేతులు దింపుకోకుండానే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గుండీ పెట్టుకోవాలన్న సంగతి ఆయనకే గుర్తు లేదు.

రిక్షా ఆయన అందరినీ, సంచులనీ, ఒక కన్ను మూసుకున్న ముసలాయననూ, నల్లద్దాలు చేతిలో పట్టుకున్న అనసూర్యనూ వరసగా చూశాడు.

“ఇంతకు స్టేషన్‌కా అక్కా, దవాఖానకా?”

నర్సింగం తల్లి వంక చూశాడు. పోశవ్వ కూడా ఈసారి తను చెప్పలేదు. ముగ్గురూ అనసూర్య వైపే చూస్తున్నారు.

ఆమె అద్దాలు పెట్టుకుని రిక్షా మెట్టు మీద కాలు వేసింది. “ముందుగాల దవాఖానకు, బాపు డాక్టరమ్మ ముందల కూసున్నంక స్టేషన్‌కు.”